ప్రభుత్వ కార్యాలయానికి తక్కువ కరెంటుతో నడిచే ఫ్యాన్లు, లైట్లు, ఏసీలు కొనడం ఎలా?

ఫిబ్రవరి సగం దాటిందంటే నా ఫోను మోగడం మొదలవుతుంది. పుత్తూరు వైపు పంచాయతీ కార్యదర్శి కావచ్చు, చంద్రగిరి దగ్గరి ప్రధానోపాధ్యాయుడు కావచ్చు, చిత్తూరులో ఏదో కార్యాలయ సూపరింటెండెంటు కావచ్చు, అడిగేది ఒకటే. "సార్, మార్చి 31లోపు నిధులు ఖర్చు పెట్టాలి. తక్కువ ధర చెప్పినవాడికే ఆర్డరు ఇవ్వాలి కదా, మరి కరెంటు తక్కువ తాగే ఫ్యాను ఎలా కొనాలి? రేపు ఆడిట్‌లో ఎక్కువ పెట్టి కొన్నారని రాస్తే ఎవరు జవాబు చెప్పాలి?"

చాలా ఏళ్లు కొనుగోళ్ల ఫైళ్లు చూసి రిటైరైనవాణ్ణి కాబట్టి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు ఇది: ఎల్-1 పద్ధతిలో, అంటే అతి తక్కువ ధరకే ఆర్డరు ఇచ్చే పద్ధతిలో, తప్పేమీ లేదు. మీరు "సీలింగ్ ఫ్యాను, 48 అంగుళాలు, 20 సంఖ్య" అని రాస్తే అందులో అతి చవకైనది వస్తుంది. "35 వాట్లు మించని ఫ్యాను" అని రాస్తే అలాంటివాటిలో అతి చవకైనది వస్తుంది. రెండింటికీ నిబంధన ఒకటే, మారింది మీ ఇండెంటు, అంటే ఏం కావాలో మీరు రాసిచ్చే కాగితం. ఫోనులో చెప్పి చెప్పి అలసిపోయాను కనుక మొత్తం వరసగా రాస్తున్నాను.

సిద్ధాంతం రెండు పేరాలే. 2014 ఆరంభంలో కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్ఎల్ సంస్థ ఎల్‌ఈడీ బల్బులు కొన్నప్పుడు ఒక్కో బల్బు 310 రూపాయలు పడింది. 2015 జనవరి 5న ఎల్‌ఈడీ బల్బులను చవకగా అందించే ఉజాలా పథకం దేశమంతటికీ వచ్చి, కోట్ల సంఖ్యలో టెండర్లు పిలవడం మొదలయ్యాక 2016లో అదే సంస్థ 38 రూపాయలకు కొనగలిగింది. బల్బులు చేసేవాళ్లు రాత్రికి రాత్రి ఉదారులు కాలేదు. ఎంత చేసినా కొనేవాడు ఉన్నాడన్న ధీమా దొరికింది, దానితో పెద్ద ఎత్తున తయారీ సాధ్యమైంది. అమెరికాలోనూ ఇదే ఎత్తుగడ. 2001 జూలైలో అధ్యక్షుడు జార్జ్ బుష్ ఒక ఉత్తర్వు ఇచ్చారు: ప్రభుత్వ కార్యాలయాలకు కొనే పరికరాలు, పని లేకుండా ప్లగ్గుకు తగిలించి ఉన్నప్పుడు, వీలున్నంత వరకు ఒక్క వాట్‌కు మించి లాగకూడదు. చట్టం చేసి తయారీదారుల మెడ మీద కూర్చోనక్కరలేదు. అతి పెద్ద గిరాకీదారు "నాకు ఇలాంటిదే కావాలి" అంటే చాలు.

మన మండలం కోట్లలో కొనదు, నిజమే. కానీ పది పంచాయతీలు, నలభై బడులు, ఒక ఆసుపత్రి కలిసి ఒకే మాట రాస్తే తిరుపతి డీలరు దుకాణంలో ఏ సరుకు నిలవ ఉంచాలో అదే నిర్ణయిస్తుంది. ఇది నేను కళ్లతో చూసినది.

కావలసినవి

గత 12 నెలల కరెంటు బిల్లులు. స్టాక్ రిజిస్టర్. గదులవారీగా రాసుకోవడానికి నాలుగు తెల్ల కాగితాలు. ప్లగ్గుకు తగిలించి వాట్లు చూపించే చిన్న మీటరు ఒకటి; ఎలక్ట్రికల్ దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది, ఖరీదు పెద్దగా ఉండదు, కొనలేకపోతే దగ్గరి పాలిటెక్నిక్ ప్రయోగశాలలో అడగండి. ఫోనులో బీఈఈ (కరెంటు పొదుపును బట్టి పరికరాలకు 1 నుంచి 5 దాకా స్టార్లు ఇచ్చే కేంద్ర సంస్థ) స్టార్ లేబుల్ యాప్. మీ శాఖకు జెమ్ (ప్రభుత్వ కార్యాలయాలు ఆన్‌లైన్‌లో కొనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) లాగిన్ ఉంటే అది. అన్నిటికన్నా ముఖ్యంగా, నిచ్చెన ఎక్కి పాత ఫ్యాను మోటారు మీద రాసింది చదవగల మనిషి. గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటు ఉంటే ఒక పూట బతిమాలండి.

1. ఉన్నదేమిటో లెక్క రాయండి

ప్రతి గదిలో ఎన్ని ఫ్యాన్లు, ఎన్ని ట్యూబులైట్లు, ఒక్కోటి ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని రోజులు. ఇంతే. పాత సీలింగ్ ఫ్యాను సాధారణంగా 70 నుంచి 75 వాట్లు లాగుతుంది. పాత 36 వాట్ల ట్యూబులైటు చోక్‌తో కలిపి దాదాపు 50 దాకా పోతుంది. దాని బదులు వచ్చే ఎల్‌ఈడీ ట్యూబు 18–20 వాట్లు.

చాలామంది ఇక్కడే మొదటి పొరపాటు చేస్తారు: వాట్లు చూస్తారు, గంటలు చూడరు. స్టోరు గదిలో ఏడాదికి పది రోజులు వెలిగే దీపాన్ని మార్చి ప్రయోజనం లేదు.

2. ఎక్కడ ముందు మార్చాలో తేల్చండి

యూనిట్ ధరకు బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించకండి. అందులో స్థిర చార్జీలు కలిసి ఉంటాయి, మీరు ఫ్యాను మార్చినంత మాత్రాన అవి తగ్గవు. బిల్లులో ఎనర్జీ చార్జీ అని విడిగా ఉండే వరసనే తీసుకోండి. లెక్క చూపడానికి నేను యూనిట్ 7 రూపాయలు అనుకుంటున్నాను. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఉన్నది) 30 వాట్లు, అంటే 45 వాట్ల మిగులు.

బడిలో రోజుకు 6 గంటలు, 220 రోజులు: ఏడాదికి సుమారు 59 యూనిట్లు, 415 రూపాయలు.
కార్యాలయంలో 8 గంటలు, 250 రోజులు: 90 యూనిట్లు, 630 రూపాయలు.
ఆసుపత్రి వార్డులో 24 గంటలు, 300 రోజులు: 324 యూనిట్లు, దాదాపు 2,270 రూపాయలు.

మామూలు ఫ్యాను 1,500, బీఎల్‌డీసీ 3,000 అనుకుందాం. ఎలాగూ కొత్తది కొనాల్సి వస్తే అదనపు 1,500 రూపాయలు వార్డులో 8 నెలల్లో, కార్యాలయంలో రెండున్నర ఏళ్లలోపు, బడిలో మూడున్నర ఏళ్లు దాటాక తిరిగి వస్తాయి. బాగా తిరుగుతున్న ఫ్యానును తీసేసి కొత్తది పెడితే లెక్కలోకి మొత్తం 3,000 వస్తుంది. అప్పుడు వార్డులో 16 నెలలు, బడిలో ఏడేళ్లు పైనే.

కాబట్టి నా మాట వినండి: వార్డుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా మార్చండి. బడుల్లో తిరుగుతున్న ఫ్యాన్ల జోలికి పోకండి. చెడిపోయినప్పుడు మాత్రం కొత్త రకం తప్ప వేరేది కొనబోమని ఇప్పుడే తీర్మానం చేసి పెట్టుకోండి. అన్నీ ఒకేసారి ఊడబీకి ఫొటో దిగాలన్న ఉత్సాహం కొందరికి ఉంటుంది. ప్రజల సొమ్ముతో తీర్చుకోవలసిన సరదా కాదది.

ఏసీల విషయంలో మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోనే రెండు లెక్కలు. రేణిగుంట, శ్రీకాళహస్తి, తిరుపతి ఎండకు కార్యాలయ ఏసీ ఏడాదికి 1,500 గంటలు దాటడం మామూలే. పలమనేరు, కుప్పం వైపు చల్లటి నేల. అక్కడ సమావేశ మందిరంలో ఏసీ 300 గంటలు నడిస్తే ఎక్కువ. కేంద్ర ఆర్థిక శాఖ తన కార్యాలయాలకు 2013లోనే చెప్పిన మాట ఉంది: స్ప్లిట్ ఏసీ ఏడాదికి 1,000 గంటలకు మించి నడిచే చోట 5 స్టార్, సమావేశ మందిరాల్లాగా తక్కువగా వాడే చోట 3 స్టార్ చాలు. అన్నిచోట్లా 5 స్టారే కొనడం కూడా దుబారాయే.

3. నోట్ ఫైలు ముందే రాయండి

ఆడిట్ భయానికి మందు ఇదొక్కటే. పైన చేసిన లెక్కను అర పేజీలో, కొనకముందు తేదీతో, ఫైల్లో పెట్టండి. కొన్నాక రాసిన సమర్థన సంజాయిషీలా కనిపిస్తుంది, ముందు రాసినది నిర్ణయంలా కనిపిస్తుంది.

కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నిబంధనలు, 2017లో 173వ నిబంధన కింద ఒక అంశం ఉంది: నోటిఫై చేసిన విద్యుత్ పరికరాలు కొనేటప్పుడు నిర్ణీత బీఈఈ స్టార్ స్థాయి లేదా అంతకన్నా పైది ఉండాలి. అది కేంద్ర కార్యాలయాలకు. రాష్ట్ర కార్యాలయాలకు, పంచాయతీలకు మన రాష్ట్ర ఆర్థిక నియమావళి, మీ శాఖ ఉత్తర్వులే ప్రమాణం. అయినా నోట్ ఫైల్లో ఆ నిబంధనను ఉదాహరణగా చూపండి. ఇది మీ సొంత ముచ్చట కాదని తెలుస్తుంది. పంచాయతీ అయితే తీర్మానంలో "తక్కువ విద్యుత్ వినియోగించే" అన్న మాట తప్పకుండా ఉండాలి. "ఫ్యాన్లు కొనుటకు" అని మాత్రమే రాసి పంపిన తీర్మానాలు ఎన్ని చూశానో!

4. స్పెసిఫికేషన్ రాయండి: అసలు పని ఇక్కడే

కంపెనీ పేరు రాయకూడదు. పేరు రాయకుండానే నాసిరకాన్ని గుమ్మం బయట నిలబెట్టాలి. ఫ్యానుకు నేను రాసిచ్చే నమూనా ఇది. మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి:

"సీలింగ్ ఫ్యాను, 1200 మిల్లీమీటర్లు, బీఎల్‌డీసీ మోటారు. ఐఎస్ 374 ప్రమాణం. పూర్తి వేగంలో 35 వాట్లకు మించరాదు. గాలి నిమిషానికి 210 ఘనపు మీటర్లకు తగ్గరాదు. సరఫరా తేదీన చెల్లుబాటులో ఉన్న బీఈఈ 5 స్టార్ లేబుల్. 140 నుంచి 280 వోల్టుల మధ్య పనిచేయాలి. పవర్ ఫ్యాక్టర్ 0.9కు తగ్గరాదు. మోటారుకు, లోపలి సర్క్యూట్ బోర్డుకు కలిపి కనీసం 3 ఏళ్ల వారంటీ. ఫిర్యాదు చేసిన 7 రోజుల్లో కార్యాలయానికే వచ్చి బాగుచేయాలి లేదా మార్చాలి."

ప్రతి అంకెకూ ఒక చేదు అనుభవం ఉంది. వాట్లు మాత్రమే రాసి గాలి సంగతి రాయకపోతే నెమ్మదిగా తిరిగే ఫ్యాను వస్తుంది. ఏప్రిల్ ఎండలో పిల్లలు మిమ్మల్నే తిట్టుకుంటారు. గాలిని వాట్లతో భాగిస్తే వచ్చే అంకె మీదే ఫ్యాన్ల స్టార్ ఆధారపడుతుంది: 210ని 35తో భాగిస్తే 6. సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది కాబట్టి లేబుల్ లేని ఫ్యానును అసలు తీసుకోకండి. వోల్టేజీ వరస ఎందుకంటే, సాయంత్రం పూట పల్లెల్లో కరెంటు ఎలా ఊగుతుందో మీకు తెలుసు. పవర్ ఫ్యాక్టర్ అంటే లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు. వారంటీలో సర్క్యూట్ బోర్డు మాట లేకపోతే సరఫరాదారు "మోటారు బాగానే ఉంది కదా" అని చేతులు దులుపుకుంటాడు. ఈ రకం ఫ్యానులో ముందు పోయేది బోర్డే.

బడులకు ఇంకో వాక్యం కలపండి: "రిమోట్ లేకుండా గోడ స్విచ్‌తోనే వేగం మార్చే వీలు ఉండాలి." రిమోట్ ఎవరి జేబులో వారం రోజులు ఉంటుందో, ఎప్పుడు మాయమవుతుందో బ్రహ్మదేవుడికీ తెలియదు.

ఎల్‌ఈడీ ట్యూబుకు వాట్లతో పాటు వెలుతురు రాయండి: 20 వాట్లు, 2,000 ల్యూమెన్లకు తగ్గరాదు. ల్యూమెన్ మాట లేకపోతే తక్కువ వాట్లతో గుడ్డి దీపం వస్తుంది, తరవాత మరో రెండు బిగిస్తారు, పొదుపు గంగలో కలుస్తుంది.

ఏసీకి స్టార్ ఒక్కటే రాసి ఊరుకోకండి. స్టార్ పట్టికలు కొన్నేళ్లకోసారి బిగుస్తాయి. 2022 జూలైలో అలా బిగిసినప్పుడు అంతకుముందు 5 స్టార్ అంచున ఉన్న ఏసీలు 4 స్టార్‌కు దిగాయి. నిలవ సరుకు వదిలించుకోవాలనుకునేవారికి ప్రభుత్వ ఆర్డరు కన్నా మంచి చోటు ఉండదు. అందుకే ఐఎస్ఈఈఆర్ (తాగిన కరెంటుకు ఏసీ ఎంత చల్లదనం ఇస్తుందో చెప్పేది) అంకె కనీసం ఎంత ఉండాలో రాయండి. కొనే నాటి పట్టికలో 5 స్టార్‌కు కావలసిన అంకెనే పెట్టండి. లేబుల్ మీద ఏడాది యూనిట్లు 1,600 గంటలకు లెక్కకట్టినవి. మీరు నడిపేది 800 గంటలైతే అందులో సగం అనుకోండి.

5. ఒక్కరే కొనకండి, కలిపి కొనండి

ఒక బడికి 12 ఫ్యాన్లంటే ఎవరూ ధర తగ్గించరు. మండలంలోని బడులన్నీ ఒకే స్పెసిఫికేషన్‌తో, ఒకే ఇండెంటుగా, మండల స్థాయి అధికారి ద్వారా వెళితే ఆ సంఖ్య 400 కావచ్చు. ధరతో పాటు మరమ్మతుకు మనిషి వచ్చే వేగమూ మారుతుంది. ఒక జాగ్రత్త: కలిపి కొనడం మంచిదే, విడగొట్టి కొనడం నిబంధనలకు విరుద్ధం. టెండరు తప్పించుకోవడానికి పెద్ద కొనుగోలును నాలుగు చిన్న బిల్లులుగా ముక్కలు చేస్తే, ఫ్యాన్లు ఎంత మంచివైనా ఆడిట్ అభ్యంతరం ఖాయం.

6. కొనే దారి

మీ శాఖ జెమ్ ద్వారా కొనమంటే అక్కడ, ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్ అంటే అక్కడ. జెమ్‌లో మూడు మెట్లు ఉంటాయి: చిన్న మొత్తానికి నేరుగా, మధ్య మొత్తానికి వేర్వేరు తయారీదారుల సరుకును పోల్చి తక్కువ ధరకు, పెద్ద మొత్తానికి బిడ్ పిలిచి. మెట్ల పరిమితులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కనుక కొనే రోజున పోర్టల్‌లోనే చూసుకోండి. పోల్చేటప్పుడు ఎడమ వైపు వడపోతల్లో ముందు స్టార్, వాట్లు, గాలి ఎంచుకుని, ఆ తరవాతే ధర వరసలో పెట్టండి. ముందు ధర వరస పెట్టినవారి కళ్లు ఇక పైకి లేవవు.

7. లారీ దిగిన రోజు

తొందరపడి సంతకం చేయకండి. జెమ్‌లో సరుకు అందాక పరీక్షించి అంగీకారమో తిరస్కారమో తెలపడానికి 10 రోజులు ఉంటుంది. ఆ గడువు వాడుకోండి, దాటనివ్వకండి.

నేను పనిచేసిన ఒకచోట 24 ఫ్యాన్లు వచ్చాయి. పెట్టెల మీద 5 స్టార్. సాయంత్రమైంది, లారీ డ్రైవరు తొందర, స్టోర్ కీపరు సంతకం పెట్టేశాడు. మర్నాడు ఒకటి విప్పి మోటారు మీది మోడల్ అంకె చూస్తే పెట్టె మీది అంకె కాదు. వాట్ మీటరుకు తగిలిస్తే 52 చూపించింది. వెనక్కి పంపడానికి నాలుగు నెలలు ఉత్తరాలు రాశాం. అప్పటినుంచి మా పద్ధతి ఇది: ప్రతి పది పెట్టెల్లో ఒకటి మా ఇష్టప్రకారం ఎంచుకుని విప్పడం, మోటారు మీది మోడల్, లేబుల్ మీది మోడల్, బీఈఈ యాప్‌లో కనిపించే మోడల్ మూడూ కలుస్తున్నాయో చూడడం, పూర్తి వేగంలో పది నిమిషాలు తిప్పి వాట్లు చదవడం. ఒక్కటి తేడా వచ్చినా లాట్ మొత్తం ఆపండి.

క్లాంప్ మీటరుతో ఆంపియర్లు కొలిచి వోల్టులతో గుణించి వాట్లు అనుకోకండి. పవర్ ఫ్యాక్టర్ తేడాతో ఆ అంకె తప్పుతుంది.

8. బిగించేటప్పుడు

పాత రెగ్యులేటరును వరసలోంచి తీసేయాలి. దాన్ని అలాగే ఉంచి బీఎల్‌డీసీ ఫ్యాను నడిపితే బోర్డు కాలిపోవచ్చు, వారంటీ కూడా చెల్లదంటారు. ఎల్‌ఈడీ ట్యూబు బిగిస్తే పాత చోక్, స్టార్టర్ తీసేయాలి. చోక్ ఉండిపోతే అది తాగేది తాగుతూనే ఉంటుంది. ఈ పని ఆర్డరులోనే "బిగింపుతో సహా" అని రాయించుకోండి. ఏసీ బిగించిన రోజే 24 డిగ్రీల దగ్గర పెట్టి చూపించమనండి. 2020 నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు ఆ అంకెతోనే మొదలవ్వాలి.

9. నిజంగా తగ్గిందా? మీటరు ముందు నిలబడి చూడండి

నెల బిల్లు చూసి తేల్చకండి. ఫిబ్రవరి బిల్లును మే బిల్లుతో పోల్చి "పెరిగిందే!" అని నాకు ఫోను చేసినవారున్నారు. పోల్చాలంటే పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి. అంతకన్నా నమ్మకమైన పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు.

ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక చిన్న ఎర్ర దీపం మిణుకుతుంటుంది. పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో ముద్రించి ఉంటుంది; చాలా సింగిల్ ఫేజ్ మీటర్లలో 3,200. అన్నీ ఆపేసి పది పాత ఫ్యాన్లు మాత్రమే పూర్తి వేగంలో వేయండి. 750 వాట్లయితే నిమిషానికి 40 మిణుకులు రావాలి. కొత్తవి బిగించాక మళ్లీ లెక్కపెట్టండి. 300 వాట్లయితే 16 వస్తాయి. 25 వచ్చాయంటే ఎవరో మోసం చేశారు, లేదా ఎక్కడో ఇంకేదో ఆపకుండా మిగిలిపోయింది. త్రీ ఫేజ్ మీటరుకు మిణుకుల సంఖ్య వేరు, ముద్రించిందే వాడండి.

అన్నీ ఆపేశాక కూడా మిణుకుతుంటే? కంప్యూటర్లు, ప్రింటర్లు, నీళ్ల యంత్రం ప్లగ్గులో కూర్చుని తాగుతున్నాయన్నమాట. రాత్రి వెళ్లేటప్పుడు గోడ స్విచ్ ఆపే బాధ్యత ఒకరికి అప్పగించండి.

10. పాతవాటిని బయటికి పంపండి

పాత ఫ్యాను వరండాకు, పాత ఫ్రిజ్ పక్క గదికి చేరితే బిల్లు తగ్గడం అటుంచి పెరుగుతుంది. తీసిన రోజే స్టాక్ రిజిస్టర్‌లో పనికిరానివిగా రాసి, కండెమ్ చేయించి, వేలానికి పంపండి. రాగి తీగ ఉంటుంది కనుక గిట్టుబాటు కూడా.

చేతిలో డబ్బే లేకపోతే

వీధి దీపాలకు ఒక ప్రత్యామ్నాయం ఉంది: ఈఈఎస్ఎల్ లాంటి సంస్థే పెట్టుబడి పెట్టి దీపాలు మారుస్తుంది, మిగిలిన కరెంటు సొమ్ములోంచి స్థానిక సంస్థ వాయిదాల్లో తీరుస్తుంది. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను తరవాత విశాఖపట్నంలో వీధి దీపాలు ఎల్‌ఈడీలకు మారింది ఈఈఎస్ఎల్ ద్వారానే. ఒప్పందంలో మూడు చోట్ల కళ్లు పెట్టి చదవండి: పాత వాడకం ఎంత అని ఎవరు కొలిచారు, ఆరిపోయిన దీపం ఎన్ని గంటల్లో మార్చాలి, మార్చకపోతే వాయిదాలో ఎంత కోత. పట్టపగలు వెలిగే దీపాలకు ఎల్‌ఈడీ మందు కాదు; టైమరు స్విచ్ కావాలి.

చివరగా ఒక రిజిస్టర్ పని. ఫ్యాను బిగించిన తేదీ, చెడిపోయిన తేదీ, ఏ భాగం పోయింది అన్నది ఒక్కోదానికి ఒక్క వరసలో రాస్తూ రండి. మూడో ఏట మళ్లీ ఇండెంటు రాసేటప్పుడు వారంటీ గడువు దగ్గర ఏ అంకె వేయాలో ఆ పేజీ చూసి వేయండి. ఇండెంటు మాత్రం డిసెంబరులో మొదలుపెట్టండి, మార్చిలో కాదు.